హెచ్ వన్ రిజిస్టరు

చంపాపేటలో మా మందుల షాపు.
షట్టరు సగమెత్తి అగరొత్తి వెలిగిస్తుంటే
ఒకాయన వంగి లోపలికొచ్చాడు.
నున్నగా గీసిన గడ్డం, చంకలో బ్రౌన్ కవరు.
తలనొప్పి మాత్ర అడగలేదు.
రిజిస్టరు అడిగాడు.

తేదీ, పేషెంటు, డాక్టరు, మందు, ఎన్ని.
ఐదు గడులు. పదకొండేళ్ళుగా నా చేతిరాతే.
ఆయన వేలు ఒక పేరు దగ్గర ఆగింది.
ఈదులకంటి భూలక్ష్మి, అరవై నాలుగు. ట్రమడాల్, ముప్పై.
పేజీ తిప్పాడు. భూలక్ష్మి, ముప్పై.
ఇంకో పేజీ. భూలక్ష్మి, అరవై.
"ఈమె చనిపోయి పద్నాలుగు నెలలైందండీ" అన్నాడు,
పాలపాకెట్ల పిల్లాడికి కూడా వినపడనంత మెల్లగా.

చచ్చిపోయినామె నెలనెలా
నా దగ్గర నొప్పి మాత్రలు కొంటూనే ఉంది.
రాసింది నేను. ముద్ర కొట్టింది నేను.

వచ్చేది కూతురు, సువర్చల.
కంచన్‌బాగ్ గోడ వెనక ఏదో ల్యాబులో పని.
ఏం పనో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు;
ఈ ఏరియాలో అది మర్యాద.
భూతద్దం కింద వెంట్రుకంత తీగలు అతికిస్తుందని మాత్రం
ఎడమకు వాలిన ఆమె మెడే చెప్పేది.

మొదట్లో మందు అమ్మకే. ఎముకలకు పాకిన జబ్బు.
దినాలైన వారానికి అదే చీటీ తెచ్చింది,
మడతల దగ్గర చిరిగి, టేపు అంటించిన చీటీ.
"మెడ గుంజుతుందన్నా, రెండ్రోజులకియ్యి."
ఆ రెండ్రోజులు ఇంకా అయిపోలేదు.

నేనేం తెలియనోణ్ణా?
చిల్లర తీసుకోకముందే రేకు చింపే చప్పుడు,
మే నెలలో స్వెట్టరు, ఆగని ఆవలింతలు.
తెలుసు. తెలిసే రాశాను భూలక్ష్మి అని.
స్ట్రిప్పుకి నాకు మిగిలేది పదిహేను రూపాయలు.

ఆయన కవరులోని కాగితం చూపలేదు, చదివాడంతే:
'డాక్టరు మీకు రాయని మందు ఎప్పుడైనా వాడారా?'
జవాబు, నీలం సిరాతో: లేదు.
"మాత్ర ఒక్కటే అయితే మాట్లాడుకోవచ్చు" అన్నాడు రిజిస్టరు మూస్తూ.
"కానీ ఈ సంగతి తెలిసినోడు
ఏదో ఒకరోజు ఆమెను పిలిచి టీ తాగిస్తాడు.
మాకు ఆ టీ భయం."

తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే.
కౌంటరు వెనక నా టీ మీద మీగడ కట్టింది.

సాయంత్రం సువర్చలకు చెప్పాను.
గొంతు తగ్గించి ఉపాయం కూడా చెప్పాను:
వానకు రిజిస్టరు తడిసిందంటాను, నువ్వు ఊరుకో.
చాలాసేపు షెల్ఫులోని దగ్గుమందు సీసాలు చూసింది.
"అబద్ధానికి అబద్ధాన్ని కాపలా పెడితె
దానికి కాపలా ఎవరన్నా?"
తర్వాత, "అమ్మ పేరున్న పేజీలన్నీ జిరాక్స్ తియ్యి.
నేనే తీస్కపోత" అంది.
పేజీకి రెండు రూపాయలు. వద్దన్నా లెక్కపెట్టి ఇచ్చింది.

పాసు తీసేసుకున్నారు.
రెండో గేటు బయట స్టోర్సులో కూర్చోబెట్టారు,
బోల్టులు లెక్కపెడుతుందట.
ఫైలు ఇంకా ఎక్కడో బల్లల మీద తిరుగుతోంది.
మళ్ళీ లోపలికి పంపుతారా? ఆమెకూ తెలియదు.
నా లైసెన్సుకీ నోటీసు వచ్చింది, అది వేరే గొడవ.

మొన్న గురువారం కొత్త చీటీ తెచ్చింది.
పైన ఎర్రగడ్డ ఆస్పత్రి ముద్ర.
మా గల్లీలో తిట్టడానికే వాడతారు ఆ పేరు.
ఆమె మడవకుండా, అందరికీ కనపడేలా పట్టుకుంది.
మందు వారం వారం తగ్గుతూ రాసుంది,
మెట్లు దిగుతున్నట్టు.

రిజిస్టరు తెరిచాను. తేదీ వేశాను.
పేషెంటు గడిలో అలవాటుగా 'భూ' అని రాసి ఆగాను.
అటువైపు నుంచి తలకిందులుగా ఆమె చదివేసింది.
ఏమీ అనలేదు.
కొట్టేసి పక్కన రాశాను: సువర్చల, ముప్పై ఎనిమిది.
కొట్టివేత దగ్గర సంతకం పెట్టాలి, రూలు.
పెట్టాను.